ఇంట్లో రిమోట్ డెస్క్‌టాప్ కనెక్ట్ కావడం లేదా? ఎక్కడ ఆగిందో కనిపెట్టి సరిచేసుకునే పద్ధతి

ఒక పీసీని ఇంకో పరికరం నుంచి తెర మీద చూస్తూ వాడుకునే విండోస్ సౌకర్యమే రిమోట్ డెస్క్‌టాప్. అందులో కనెక్ట్ బటన్ నొక్కుతారు. కాసేపు తిరుగుతుంది. తర్వాత విండోస్ మూడు కారణాలు చూపిస్తుంది: అవతలి పీసీలో రిమోట్ యాక్సెస్ ఆన్‌లో లేదు, లేదా ఆ పీసీ ఆఫ్ అయి ఉంది, లేదా నెట్‌వర్క్‌లో అందుబాటులో లేదు. ఈ మూడింట్లో మీ సమస్య ఏదో మాత్రం చెప్పదు.

ఇక్కడే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను కాపలా కాసే భాగం) మొత్తం ఆపేస్తారు, రౌటర్ రీసెట్ చేస్తారు, విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే రిజిస్ట్రీలో చేయి పెడతారు. చివరికి ఎలాగో కనెక్ట్ అయినా, ఏది మార్చడం వల్ల అయిందో తెలియదు. వచ్చే నెల మళ్లీ ఆగితే కథ మొదటికొస్తుంది.

దీనికి మంచి దారి ఒకటుంది. ఒకే ఒక పరీక్షతో సమస్య నెట్‌వర్క్‌లో ఉందో, లాగిన్‌లో ఉందో తేల్చుకోవచ్చు. అది 5వ అంచెలో వస్తుంది. ముందున్న అంచెలు దానికి సిద్ధం కావడానికి, తర్వాతవి అది చూపించిన వైపు వెళ్లడానికి. వరుస తప్పకండి, ఒకసారికి ఒక్క మార్పే చేయండి.

ఇందులో హోస్ట్ అంటే మీరు కనెక్ట్ కావాలనుకుంటున్న పీసీ. క్లయింట్ అంటే మీరు ఎదురుగా కూర్చున్న ల్యాప్‌టాప్ లేదా ఫోన్.

1. ముందు ఇవి సిద్ధం చేసుకోండి

మొదటిసారి సరిచేసేటప్పుడు హోస్ట్ ముందు కూర్చునే వీలుండాలి. దూరం నుంచి ఫోన్‌లో ఎవరికో చెప్పి చేయించడం కంటే, మానిటర్, కీబోర్డ్ తగిలించి మీరే చూసుకోవడం నయం.

- హోస్ట్‌లో అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న అకౌంట్
- ఆ అకౌంట్ అసలు పాస్‌వర్డ్ (పిన్ కాదు)
- రౌటర్ సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లే పాస్‌వర్డ్
- ఎర్రర్ మెసేజ్ ఫోటో లేదా స్క్రీన్‌షాట్, కోడ్ ఉంటే దానితో సహా
- ఇంతకుముందు పనిచేసి ఇప్పుడు ఆగిందా, లేక ఎప్పుడూ పనిచేయలేదా అన్న సమాధానం

చివరిది చిన్న విషయం కాదు. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ ఆగితే ఎక్కువగా ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పీసీకి ఉండే నంబరు) మారడమో, పాస్‌వర్డ్ మారడమో, కొత్తగా వీపీఎన్ (ట్రాఫిక్‌ని వేరే నెట్‌వర్క్ వైపు రహస్యంగా పంపే సాఫ్ట్‌వేర్) లేదా యాంటీవైరస్ వేయడమో కారణం అవుతుంది. ఎప్పుడూ పనిచేయకపోతే 2వ అంచె దగ్గరే దొరికే అవకాశం ఎక్కువ.

2. హోస్ట్‌కి ఆ సౌకర్యం అసలు ఉందా చూడండి

హోస్ట్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్ తెరిచి విండోస్ ఎడిషన్ చూడండి. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లు మాత్రమే బయటి కనెక్షన్లను తీసుకుంటాయి. హోమ్ ఎడిషన్ నుంచి వేరే పీసీకి కనెక్ట్ కావచ్చు గానీ, హోమ్ ఎడిషన్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో రాలేరు.

హోమ్ ఎడిషన్‌ని ఎలాగోలా ఒప్పించే ప్యాచ్‌లు నెట్‌లో దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అవి విరిగిపోతాయి, పైగా లాగిన్‌ని కాపాడే భాగంలోనే వేలు పెడతాయి. ప్రోకి మారడం కుదరకపోతే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, రస్ట్‌డెస్క్ లాంటివి హోమ్ ఎడిషన్‌లో కూడా నడుస్తాయి.

ఎడిషన్ సరైనదే అయితే సెట్టింగ్స్, సిస్టమ్, రిమోట్ డెస్క్‌టాప్‌కి వెళ్లి స్విచ్ ఆన్ చేయండి. ఆ పేజీలోనే పీసీ పేరు కనిపిస్తుంది, రాసి పెట్టుకోండి. నెట్‌వర్క్ లెవల్ ఆథెంటికేషన్ అనే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది. దాన్ని ఆన్‌లోనే ఉంచండి. పాస్‌వర్డ్ సరిచూశాకే అవతలివాళ్లకు తెర చూపించేది అదే.

3. పీసీ నిద్రలోకి వెళ్లకుండా చూడండి

స్లీప్‌లో ఉన్న పీసీ రిమోట్ డెస్క్‌టాప్‌కి పలకదు. పొద్దున పనిచేసి మధ్యాహ్నం ఆగిపోయే కేసులకు మొదట అనుమానించాల్సింది దీన్నే.

హోస్ట్‌లో పవర్ సెట్టింగ్స్ తెరిచి, ప్లగ్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్ టైమ్‌ని నెవర్‌కి మార్చండి. తెర ఆరిపోతే ఇబ్బంది లేదు, పీసీ పడుకోకూడదు అంతే. ల్యాప్‌టాప్ హోస్ట్ అయితే మూత మూసినప్పుడు ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ కూడా మార్చాలి.

వేక్ ఆన్ లాన్ అనే పద్ధతితో దూరం నుంచి లేపవచ్చు. దానికి బయోస్‌లోనూ (విండోస్ మొదలవకముందే తెరుచుకునే పీసీ సెట్టింగ్స్), నెట్‌వర్క్ అడాప్టర్ సెట్టింగ్స్‌లోనూ ఆన్ చేయాలి, సాధారణంగా కేబుల్ కనెక్షన్ మీదే నమ్మకంగా పనిచేస్తుంది. ముందు మామూలు కనెక్షన్ కుదిరాకే దాని సంగతి చూడండి.

4. రెండూ నిజంగా ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా

ఒకే ఇంట్లో ఉన్నంత మాత్రాన ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కాదు. ఈ అంచె దగ్గర తొందరపడకండి.

రెండు పీసీల్లోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి (ఐపీ, కాన్ఫిగ్ రెండూ కలిపి, మధ్యలో స్పేస్ లేకుండా). ఐపీవీ4 అడ్రస్ అనే వరుస చూడండి. మామూలు ఇంటి నెట్‌వర్క్‌లో రెండింటికీ మొదటి మూడు అంకెల గుంపులు ఒకటే ఉంటాయి. ఒకటి 192.168.1.20, ఇంకోటి 192.168.1.35 అయితే సరే.

తేడా ఉంటే ఇలా అర్థం చేసుకోండి:

- ఒకటి 192.168.1తో, ఇంకోటి 192.168.0తో మొదలైతే, ఇంట్లో రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి నడుస్తుండవచ్చు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెకి మీరు కొన్న రౌటర్ తగిలించినప్పుడు ఇలా అవుతుంది. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంతంగా అడ్రస్‌లు ఇవ్వకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) మార్చండి, లేదా రెండు పీసీలనూ ఒకే రౌటర్‌కి తగిలించండి.
- 169.254తో మొదలైతే ఆ పీసీకి రౌటర్ నుంచి అడ్రస్ అందలేదు. కేబుల్, వైఫై చూసుకుని రౌటర్‌ని ఒకసారి ఆపి ఆన్ చేయండి.
- ఒకే పీసీలో రెండు మూడు అడ్రస్‌లు కనిపిస్తే వీపీఎన్ లేదా వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్ వల్ల కావచ్చు. మీకు కావాల్సింది వైఫై లేదా ఈథర్‌నెట్ అడాప్టర్ కింద ఉన్నది.

అడ్రస్‌లు కలిసినా రెండు చోట్ల దెబ్బ తగలవచ్చు. మొదటిది గెస్ట్ వైఫై. అతిథుల ఫోన్లు మీ పీసీలను చూడకుండా అది కావాలనే అడ్డుపడుతుంది. కొన్ని రౌటర్లలో మామూలు వైఫైకి కూడా ఏపీ ఐసోలేషన్ లేదా క్లయింట్ ఐసోలేషన్ అనే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే రెండు పరికరాలకూ ఇంటర్నెట్ వస్తుంది గానీ ఒకదానికొకటి కనబడవు.

రెండోది వీపీఎన్. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉంటే, ఇంట్లో పక్క గదికి వెళ్లాల్సిన ట్రాఫిక్ కూడా ఆఫీసు వైపు పోవచ్చు. పరీక్షించేంతసేపు ఆపి చూడండి. సొంత వీపీఎన్ అయితే లోకల్ నెట్‌వర్క్‌ని అనుమతించే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే సరిపోతుంది.

మ్యాక్ లేదా ఐఫోన్ నుంచి కనెక్ట్ అవుతుంటే ఇంకొక తాళం ఉంది. ఐఓఎస్ 14 నుంచి, మ్యాక్‌ఓఎస్ 15 నుంచి ప్రతి యాప్ లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ అడుగుతుంది. మొదటిసారి అడిగినప్పుడు వద్దని నొక్కి ఉంటే, ఎన్నిసార్లు ప్రయత్నించినా కనెక్ట్ కాదు. ప్రైవసీ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్ కింద ఆ యాప్‌కి అనుమతి ఇవ్వండి. ఇంతకాలం మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్ అని ఉన్న యాప్ పేరు 2024లో విండోస్ యాప్‌గా మారింది, జాబితాలో ఆ పేరుతో వెతకండి.

5. అసలు పరీక్ష: 3389 పోర్ట్ తెరుచుకుందా

పోర్ట్ అంటే కనెక్షన్లు పీసీలోకి వచ్చే నంబరున్న తలుపు లాంటిది. రిమోట్ డెస్క్‌టాప్ టీసీపీ 3389 పోర్ట్ మీద నడుస్తుంది. ఈ పోర్ట్ దగ్గర జవాబు వస్తే నెట్‌వర్క్ బాగున్నట్టు. రాకపోతే మీరు పాస్‌వర్డ్ గురించి ఆలోచించాల్సిన పనే లేదు.

చాలామంది ఇక్కడ పింగ్ (అవతలి పీసీ పలుకుతుందా అని అడిగే కమాండ్) చేసి, జవాబు రాకపోతే నెట్‌వర్క్ పోయిందని తేల్చేస్తారు. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ని అడ్డుకుని కూడా 3389ని వదలవచ్చు. అలాగే పింగ్ వచ్చినంత మాత్రాన పోర్ట్ తెరిచి ఉన్నట్టు కాదు. కాబట్టి పోర్ట్‌నే అడగాలి.

క్లయింట్‌లో (అది మ్యాక్ లేదా ఫోన్ అయితే అదే నెట్‌వర్క్‌లోని ఇంకో విండోస్ పీసీలో) పవర్‌షెల్ తెరవండి. టెస్ట్, హైఫన్, నెట్‌కనెక్షన్ అని ఒకే పదంగా కొట్టి, స్పేస్ ఇచ్చి హోస్ట్ ఐపీ అడ్రస్, మళ్లీ స్పేస్ ఇచ్చి హైఫన్‌తో పోర్ట్, చివర స్పేస్ ఇచ్చి 3389 అని రాసి ఎంటర్ నొక్కండి. ఫలితంలో చివరి వరుస చూడండి, ట్రూ లేదా ఫాల్స్ అని ఉంటుంది.

ఇదే పరీక్ష హోస్ట్‌లో కూడా చేయండి, అక్కడ ఐపీ అడ్రస్ బదులు లోకల్‌హోస్ట్ అని రాయాలి. ఇప్పుడు రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూడండి:

- హోస్ట్‌లోనే ఫాల్స్ వచ్చింది: రిమోట్ డెస్క్‌టాప్ వినడం లేదు. 2వ అంచెలోని స్విచ్ మళ్లీ చూడండి. సర్వీసెస్ జాబితా తెరిచి రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ నడుస్తోందో లేదో చూసి, ఆగి ఉంటే స్టార్ట్ చేయండి. ఎవరైనా పోర్ట్ నంబర్ మార్చారేమో కూడా కనుక్కోండి.
- హోస్ట్‌లో ట్రూ, క్లయింట్‌లో ఫాల్స్: మధ్యలో ఏదో అడ్డుపడుతోంది. 6వ అంచెకు వెళ్లండి. అక్కడ అంతా బాగుంటే 4వ అంచెలోని ఐసోలేషన్, వీపీఎన్ మళ్లీ చూడండి.
- రెండు చోట్లా ట్రూ: నెట్‌వర్క్‌లో తప్పు లేదు. ఫైర్‌వాల్, రౌటర్ ముట్టుకోకండి. నేరుగా 7వ అంచెకు వెళ్లండి.

ఐపీ అడ్రస్‌తో ట్రూ వచ్చి, పీసీ పేరుతో మాత్రం కనెక్ట్ కాకపోతే పేరుని అడ్రస్‌గా మార్చే దగ్గర ఇబ్బంది ఉంది. పేరు చివర చుక్క పెట్టి లోకల్ అని కలిపి చూడండి. కుదరకపోతే పేరు వదిలేసి ఐపీ అడ్రస్‌నే వాడుకోండి, 9వ అంచెలో చెప్పినట్టు దాన్ని స్థిరం చేసుకుంటే చాలు.

6. ఫైర్‌వాల్‌ని ఆపకండి, దారి ఇవ్వండి

హోస్ట్‌లో నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరిచి ఆ కనెక్షన్ ప్రైవేట్‌గా ఉందా, పబ్లిక్‌గా ఉందా చూడండి. సొంత ఇంటి నెట్‌వర్క్ అయితే ప్రైవేట్‌కి మార్చండి. కొత్త రౌటర్ పెట్టినప్పుడు విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్‌గా లెక్కేసి పబ్లిక్‌లో పెట్టడం మామూలే.

తర్వాత విండోస్ ఫైర్‌వాల్‌లో అనుమతించిన యాప్‌ల జాబితా తెరిచి, రిమోట్ డెస్క్‌టాప్ వరుసలో ప్రైవేట్ కింద టిక్ ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టండి.

వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే దానికి సొంత ఫైర్‌వాల్ ఉండవచ్చు. అప్పుడు విండోస్‌లో టిక్ పెట్టినా ఫలితం ఉండదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఇంటి నెట్‌వర్క్‌ని నమ్మదగినదిగా గుర్తించే ఆప్షన్ వెతకండి.

తేల్చుకోవడానికి ఫైర్‌వాల్‌ని ఒక్క నిమిషం ఆపి 5వ అంచె పరీక్ష చేయడంలో తప్పు లేదు. వెంటనే తిరిగి ఆన్ చేయండి. ఆపినప్పుడు ట్రూ వస్తే, కావాల్సిన రూల్ లేదని తెలిసిపోయింది. ఆ రూల్ పెట్టండి.

7. పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే

పోర్ట్ తెరిచి ఉంది, పాస్‌వర్డ్ సరైనదే అని మీకు ఖాయంగా తెలుసు, అయినా లోపలికి రానివ్వదు. ఎక్కువమందిని విసిగించేది ఇదే. కింద చెప్పిన వరుసలో చూడండి.

పిన్ పనిచేయదు. రోజూ పిన్‌తోనో, వేలిముద్రతోనో లాగిన్ అయ్యేవాళ్లు అదే పిన్ ఇక్కడా కొడతారు. పిన్ ఆ ఒక్క పీసీ ముందు కూర్చున్నప్పుడే చెల్లుతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌కి అకౌంట్ పాస్‌వర్డ్ కావాలి.

ఖాళీ పాస్‌వర్డ్ పనిచేయదు. పాస్‌వర్డ్ లేని లోకల్ అకౌంట్‌ని విండోస్ నెట్‌వర్క్ మీదుగా రానివ్వదు. అకౌంట్ ఆంక్షల వల్ల సైన్ ఇన్ కుదరడం లేదని మెసేజ్ వస్తే దీన్నే మొదట చూడండి. పాస్‌వర్డ్ పెట్టుకోండి, ఆ ఆంక్షను తీసేయకండి.

యూజర్ పేరు పూర్తిగా రాయండి. హోస్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి హూ యామ్ ఐ అనే మూడు ఇంగ్లిష్ మాటలను స్పేస్ లేకుండా కలిపి కొడితే అసలు పేరు కనిపిస్తుంది: ముందు పీసీ పేరు, బ్యాక్‌స్లాష్, తర్వాత యూజర్ పేరు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ వాడేవాళ్లకు ఆ యూజర్ పేరు ఈమెయిల్ మొదటి ఐదు అక్షరాలుగా కనిపించడం మామూలే, కంగారు పడకండి. ఆ పేరుతో కుదరకపోతే మైక్రోసాఫ్ట్‌అకౌంట్ అని కలిపి రాసి, బ్యాక్‌స్లాష్ పెట్టి, పూర్తి ఈమెయిల్ ఇచ్చి చూడండి.

ఆ పీసీకి మీ పాస్‌వర్డ్ తెలుసా? మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టి, ఆ రోజు నుంచీ పిన్‌తోనే వాడుతుంటే, ఆ పీసీలో పాస్‌వర్డ్ ఒక్కసారి కూడా కొట్టి ఉండరు. వెబ్‌సైట్‌లో పనిచేసే పాస్‌వర్డే ఇక్కడ తప్పంటుంది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, సైన్ ఇన్ ఆప్షన్స్‌కి వెళ్లి, మైక్రోసాఫ్ట్ అకౌంట్లకు విండోస్ హలో (పిన్, వేలిముద్ర లాంటి లాగిన్) మాత్రమే అనుమతించే స్విచ్‌ని ఆఫ్ చేయండి. సైన్ అవుట్ అయి, హోస్ట్ ముందే కూర్చుని ఒకసారి పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వండి. ఆ తర్వాత రిమోట్‌గా ప్రయత్నించండి.

ఇదంతా చేసినా కుదరకపోతే ఇంకా పోరాడకండి. హోస్ట్‌లో కొత్త లోకల్ అకౌంట్ ఒకటి తయారు చేసి, గట్టి పాస్‌వర్డ్ పెట్టి, రిమోట్ డెస్క్‌టాప్ పేజీలోని యూజర్ల జాబితాలో చేర్చండి. దానితో కనెక్ట్ అయితే మిగతా అమరిక అంతా సరిగ్గా ఉందనీ, తప్పు పాత అకౌంట్‌దేననీ తేలుతుంది. అడ్మినిస్ట్రేటర్లకు అనుమతి తనంతట తానే ఉంటుంది, మిగతావాళ్లను మాత్రం ఆ జాబితాలో చేర్చాల్సిందే.

ఇంకొన్ని చిన్న చిక్కులు:

- పాత పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంది: క్లయింట్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద హోస్ట్ పేరుతో ఉన్నది తీసేయండి.
- కీబోర్డ్ తెలుగులో ఉండిపోయింది: పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తుంది కాబట్టి తెలియదు. ముందు నోట్‌ప్యాడ్‌లో ఒక అక్షరం కొట్టి చూసుకోండి.
- చాలాసార్లు తప్పు కొట్టారు: విండోస్ 11 కొత్త ఇన్‌స్టాలేషన్లలో 10 తప్పులకు అకౌంట్ 10 నిమిషాలు లాక్ అవుతుంది. ఆగి ప్రయత్నించండి.
- క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ అనే మాటతో ఎర్రర్ వచ్చింది: 2018లో వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ ఒక పీసీలో ఉండి ఇంకోదానిలో లేదన్నమాట. రెండింటినీ అప్‌డేట్ చేయండి.
- తేదీ, సమయం తేడాగా ఉన్నాయి: రెండు పీసీల గడియారాలూ సరిచేయండి.

సర్టిఫికెట్‌ని నమ్మలేకపోతున్నామని వచ్చే పసుపు హెచ్చరిక మాత్రం ఎర్రర్ కాదు. ఇంటి పీసీ తన సర్టిఫికెట్‌ని తానే తయారు చేసుకుంటుంది కాబట్టి అలా అడుగుతుంది. అందులో కనిపించే పేరు మీ హోస్ట్ పేరేనని చూసుకుని ముందుకెళ్లండి.

8. కనెక్ట్ అయ్యాక తెర నల్లగా ఉంటే, నెమ్మదిస్తే

నల్ల తెర కనిపిస్తే కంట్రోల్, ఆల్ట్, ఎండ్ కలిపి నొక్కండి. రిమోట్ తెరలో కంట్రోల్ ఆల్ట్ డిలీట్‌కి బదులు ఇదే. అక్కడ నుంచి టాస్క్ మేనేజర్ తెరిచి ఎక్స్‌ప్లోరర్‌ని మళ్లీ నడపండి. అలా కాకపోతే డిస్‌కనెక్ట్ చేసి, క్లయింట్ యాప్‌లో ఎక్స్‌పీరియన్స్ ట్యాబ్‌లో బిట్‌మ్యాప్ క్యాషింగ్ టిక్ తీసి మళ్లీ కనెక్ట్ అవ్వండి. హోస్ట్ గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయడం ఆ తర్వాతి పని.

నెమ్మదిగా ఉంటే అన్నిటికంటే ఎక్కువ లాభం హోస్ట్‌ని కేబుల్‌తో రౌటర్‌కి తగిలించడంలో ఉంది. రెండూ వైఫై మీదే ఉంటే, ప్రతి బొమ్మా గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి. కేబుల్ కుదరకపోతే రెండింటినీ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మార్చండి. తెర రిజల్యూషన్ తగ్గించడం కూడా పనిచేస్తుంది.

కాపీ పేస్ట్ ఆగిపోతే హోస్ట్ టాస్క్ మేనేజర్‌లో ఆర్‌డీపీ క్లిప్ (ఇంగ్లిష్‌లో స్పేస్ లేకుండా కలిపి) అనే ప్రాసెస్‌ని ముగించి, రన్ బాక్స్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

మీరు కనెక్ట్ కాగానే హోస్ట్ ముందున్న తెర లాక్ అవుతుంది. మామూలు విండోస్‌లో ఒకసారికి ఒక్కరే వాడగలరు, అది లోపం కాదు. పని అయ్యాక డిస్‌కనెక్ట్ మాత్రమే చేయండి. పొరపాటున షట్‌డౌన్ కొడితే ఆ పీసీ దగ్గరికి నడిచి వెళ్లాల్సిందే. రిమోట్‌లో ఉండగా హోస్ట్ వైఫై ఆపడం, నెట్‌వర్క్ సెట్టింగ్స్ మార్చడం కూడా అంతే.

9. అడ్రస్ మళ్లీ మారకుండా చేయండి

రౌటర్ ఇచ్చే ఐపీ అడ్రస్ శాశ్వతం కాదు. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ లేదా అడ్రస్ రిజర్వేషన్ అనే చోటికి వెళ్లి, హోస్ట్‌ని ఎంచుకుని దానికి ఒక అడ్రస్ కేటాయించండి. ఇలా రౌటర్‌లో చేయడం మేలు. పీసీలోనే అడ్రస్ బిగిస్తే, అదే అడ్రస్‌ని రౌటర్ ఇంకో ఫోన్‌కి ఇచ్చే ప్రమాదం ఉంటుంది.

హోస్ట్ వైఫై మీద ఉంటే, రాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ అనే ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. ఆన్‌లో ఉండి ఆ హార్డ్‌వేర్ అడ్రస్ మారితే రౌటర్ హోస్ట్‌ని గుర్తుపట్టలేదు, రిజర్వేషన్ వృథా అవుతుంది.

10. ఇంటి బయట నుంచి కావాలంటే

ఇంట్లో పూర్తిగా పనిచేశాకే దీనికి రండి.

రౌటర్‌లో 3389ని ఇంటర్నెట్‌కి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ చేయవద్దు. తెరిచిన 3389 కోసం ఇంటర్నెట్‌ని రాత్రింబవళ్లు జల్లెడ పట్టే ప్రోగ్రాములు ఉన్నాయి. 2019 మేలో బయటపడిన బ్లూకీప్ లోపంతో పాత విండోస్ పీసీల్లోకి పాస్‌వర్డ్ లేకుండానే చొరబడే వీలుండేది, అందుకే అప్పటికే సపోర్ట్ ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. పోర్ట్ నంబర్ మార్చినా రక్షణ రాదు, వెతికేవాళ్లకు కొంచెం ఆలస్యం అవుతుంది అంతే.

సరైన దారి వీపీఎన్. రౌటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఉంటే అది వాడుకోండి. లేకపోతే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ యాప్ రెండు పీసీల్లోనూ వేసుకోండి. రౌటర్ బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలామందికి పంచుతోందని అర్థం. అప్పుడు ఇంట్లో రౌటర్ మీద నడిపే వైర్‌గార్డ్‌కి బయట నుంచి దారి ఉండదు, టెయిల్‌స్కేల్ మాత్రం పనిచేస్తుంది.

బయట నుంచి ప్రయత్నించేటప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ వాడండి, ఇంటి వైఫై మీద ఉండి చేస్తే పరీక్షకు అర్థం లేదు. వీపీఎన్ ఆన్ చేసి, హోస్ట్‌కి వీపీఎన్ ఇచ్చిన అడ్రస్‌తో 5వ అంచె పరీక్షే మళ్లీ చేయండి. ఇంట్లో ఉండగా ఇంటి అడ్రస్‌తో ట్రూ వచ్చి, ఇప్పుడు దీనితో ఫాల్స్ వస్తే, ముందు హోస్ట్‌లోనూ వీపీఎన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే, వీపీఎన్ అడాప్టర్‌ని విండోస్ పబ్లిక్ కింద పెట్టి ఉండవచ్చు, లేదా ఫైర్‌వాల్ రూల్ లోకల్ సబ్‌నెట్‌కే (ఇంటి నెట్‌వర్క్ అడ్రస్‌లకే) పరిమితమై ఉండవచ్చు. ఆ అడాప్టర్‌ని ప్రైవేట్‌కి మార్చండి, రూల్‌లో స్కోప్ ట్యాబ్ తెరిచి వీపీఎన్ అడ్రస్‌ల శ్రేణిని చేర్చండి, పరీక్ష మళ్లీ నడపండి.